ఆ రాగి పట్టీకి మీ ఎర్త్ కలపకండి

ప్రశ్న: మా స్థలం వెనక ప్రహరీకి అవతల హైటెన్షన్ సబ్‌స్టేషన్ ఉంది. ఇల్లు ఆ గోడకు దాదాపు 45 మీటర్లు ఇవతల ఉంటుంది, మధ్యలో తోట. తోట దారి వెంట, గోడ దాకా ఎనిమిది దీపాలు పెట్టి కేబుల్ నేలలో పూడ్చాలని పని మొదలుపెట్టాం. గోడకు మీటరు దూరంలో కందకం తవ్వుతుంటే అడుగున్నర లోతున పచ్చగా చిలుము పట్టిన వెడల్పాటి రాగి పట్టీ బయటపడింది. గోడ వెంబడే పోతోంది. మా ఎలక్ట్రీషియన్ చూసి, ‘ఇది సబ్‌స్టేషన్ ఎర్త్ సార్, ఇంతకు మించిన ఎర్త్ మనకు దొరకదు, స్తంభాలన్నీ దీనికే కట్టేద్దాం’ అన్నాడు. పైగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సప్లై తెంచే స్విచ్) ఉంది కాబట్టి భయం లేదంటున్నాడు. నాకెందుకో మనసొప్పక పని ఆపించాను. కలపొచ్చా? కలపకపోతే ఏ కేబుల్, ఏ దీపాలు, ఎలా వెయ్యాలి? ఇంకో మాట. మా పిల్లలు ఆ తోటలో చెప్పుల్లేకుండా తిరుగుతారు. ఇన్నాళ్లూ ప్రమాదంలోనే ఉన్నామా?

సమాధానం: పని ఆపించి చాలా మంచి పని చేశారు. ఆ పట్టీకి దేన్నీ కలపొద్దు.

మిగతాది తీరిగ్గా చదవొచ్చు గానీ ఇదొక్కటి ఈరోజే చెయ్యండి. కందకం చుట్టూ తాడు కట్టి ఎవరూ దిగకుండా చూడండి. సబ్‌స్టేషన్ వాళ్లకు కబురు పెట్టండి. గునపం దెబ్బ ఎక్కడైనా తగిలి ఉంటే దాచకుండా చెప్పండి. వాళ్లు వచ్చి చూసేదాకా పట్టీని గీకి మెరిపించడం, వంచి పక్కకు జరపడం, అడ్డమొచ్చిందని కోయడం, ఏదీ వద్దు. ముఖ్యంగా కోయడం. ఏ లోపమూ లేని రోజున కూడా ఎర్త్ పట్టీలో కొంత కరెంటు పారుతూ ఉండొచ్చు. కోసిన క్షణంలో ఆ రెండు కొసల మధ్య ఎంత వోల్టేజీ పుడుతుందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక చేత్తో ఒక కొస, ఇంకో చేత్తో రెండో కొస పట్టుకున్న మనిషే అప్పుడు ఆ తెగిన ముక్కకు బదులు తీగ అవుతాడు. సబ్‌స్టేషన్‌లో పనిచేసేవాళ్లు కూడా ఎర్త్ పట్టీని విప్పాల్సి వస్తే ముందు పక్కన జంపరు (రెండు వైపులనూ కలిపే తాత్కాలిక తీగ) వేసి, ఆ తర్వాతే విప్పుతారు.

ఇక మీ ఎలక్ట్రీషియన్ మాట. అతను కావాలని తప్పు చెప్పలేదు. ఎర్త్ అంటే సున్నా వోల్టులు, మంచి ఎర్త్ అంటే ఇంకా గట్టి సున్నా అని పని నేర్చుకునేటప్పుడు అందరికీ చెప్పేదే అతనూ నేర్చుకున్నాడు. ఇంటి లోపలి పనికి ఆ మాట సరిపోతుంది. సబ్‌స్టేషన్ గోడ దగ్గర సరిపోదు. అక్కడ ఎర్త్ అన్నివేళలా సున్నాలోనే ఉండదు.

అవతల ఏం జరుగుతుందో చూడండి. హైటెన్షన్ వైపు ఇన్సులేటరు పగిలినా, తీగ తెగి పడినా, పామో పక్షో అడ్డం పడినా కొన్ని వందల ఆంపియర్లు, ఒక్కోసారి వేల ఆంపియర్లు ఆ రాగి పట్టీల గుండా నేలలోకి దిగుతాయి. పట్టీలన్నీ కలిసిన ఎర్త్ గ్రిడ్‌కు 2 ఓముల రెసిస్టెన్స్ ఉందనుకుందాం, దిగింది 500 ఆంపియర్లు అనుకుందాం. గుణిస్తే 1000 వోల్టులు. అంటే బ్రేకర్ పడేదాకా ఆ గ్రిడ్, దానికి కట్టిన ప్రతి ఇనుప ముక్క, మీ కందకంలో కనబడిన ఆ పట్టీ, అన్నీ 1000 వోల్టుల మీద ఉంటాయి. దీన్ని ఎర్త్ పొటెన్షియల్ రైజ్ అంటారు. చాలాచోట్ల ఇది సెకనులోపే ముగుస్తుంది. కొన్ని రకాల నెట్‌వర్కుల్లో, ముఖ్యంగా న్యూట్రల్‌ను నేరుగా ఎర్త్ చేయనివాటిలో, కరెంటు తక్కువగా ఉండి లోపం గంటల తరబడి అలాగే నిలిచిపోవడమూ ఉంది.

చుట్టూ ఉన్న నేల కూడా గ్రిడ్‌తో పాటు పైకి లేస్తుంది. మధ్యలో నిట్టాడి నిలిపి పైన గుడ్డ కప్పితే గుడారం ఎలా వాలుతుందో అలా. నిట్టాడి దగ్గర ఎత్తు ఎక్కువ, వాలు నిటారు. దూరం పోయేకొద్దీ గుడ్డ నేలకు ఆనుతుంది. లెక్క సులువు కోసం గ్రిడ్‌ను 5 మీటర్ల వ్యాసార్ధమున్న అర్ధగోళం అనుకోండి. అసలు గ్రిడ్ అలా ఉండదు, అందుకే ఇంజనీర్లు కంప్యూటర్‌లో లెక్క కడతారు, కానీ తీరు అర్థం కావడానికి ఇది చాలు. అంచు దగ్గర 1000 వోల్టులు. నడిమి నుంచి 10 మీటర్ల దగ్గర 500. 20 మీటర్ల దగ్గర 250. మీ ఇల్లు 50 మీటర్ల దగ్గర ఉందనుకుంటే అక్కడ 100.

పిల్లల ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. నడిమి నుంచి 10 మీటర్ల దగ్గర ఒక కాలు, 11 మీటర్ల దగ్గర ఇంకో కాలు వేసిన మనిషిని తీసుకోండి. ఒక పాదం కింద 500 వోల్టులు, రెండో పాదం కింద దాదాపు 455. తేడా 45. దాన్నే స్టెప్ వోల్టేజీ అంటారు. మన శరీరానికి 1000 ఓములు, తడి మట్టి మీద పాదాల కింద ఇంకో 600 ఓములు వేసుకుంటే పారేది దాదాపు 28 మిల్లీఆంపియర్లు, అదీ అర సెకను. జిల్లుమంటుంది, ఉలిక్కిపడతారు, కానీ ప్రాణం మీదికి రాదు. అడుగు చిన్నదైన పిల్లలకు ఆ తేడా ఇంకా తక్కువ. (పశువులకు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, కరెంటు గుండె మీదుగా పోతుంది. అందుకే పిడుగు పడినప్పుడు పక్కన మనిషి బతికి పశువు పోయిన సంఘటనలు వింటుంటాం.)

ఇప్పుడు అదే 10 మీటర్ల దగ్గర ఒక ఇనుప దీపస్తంభం పాతండి. ఇంటి డీబీ (బ్రేకర్లుండే పెట్టె) నుంచి ఎర్త్ వైరు తెచ్చి, పద్ధతి ప్రకారం, దానికి బిగించండి. పక్కన నిలబడి దాన్ని ఒక చేత్తో పట్టుకోండి. పాదాల కింద 500 వోల్టులు. చేతిలో ఉన్నది ఇంటి దగ్గరి ఎర్త్, అంటే 100 వోల్టులు. తేడా 400. ఇలా చేతికీ పాదాలకూ మధ్య వచ్చే తేడాను టచ్ వోల్టేజీ అంటారు. ఇక్కడ రెండు పాదాలూ ఒకే దారిలా పనిచేస్తాయి కాబట్టి వాటి కింది అడ్డు 600 కాదు, 150 ఓములే. చేతి నుంచి కాళ్లకు, గుండె మీదుగా, 350 మిల్లీఆంపియర్ల దాకా పోతుంది. అర సెకనుకు 50 కిలోల మనిషి గుండె తట్టుకోగలిగేది 164 మిల్లీఆంపియర్లని సబ్‌స్టేషన్ ఎర్తింగ్ లెక్కలు కట్టేవాళ్లు వాడే సూత్రం చెబుతుంది. అంటే హద్దుకు రెండు రెట్ల పైనే. చోటు అదే, మనిషి అదే, లోపమూ అదే. మారిందల్లా దూరపు ఎర్త్ ఒకటి ఆ చోటికి ఇనుము రూపంలో రావడం.

కాబట్టి మీ పిల్లలు ఇన్నాళ్లూ ఆ మట్టి మీద ఆడుకోవడంలో మీ తప్పేమీ లేదు. గోడ బయట మామూలు మనుషులు తిరిగే చోట స్టెప్ వోల్టేజీ, టచ్ వోల్టేజీ హద్దులో ఉండేలా గ్రిడ్‌ను డిజైన్ చెయ్యడం సబ్‌స్టేషన్ వాళ్ల బాధ్యత. గోడ పక్కన ఆ పట్టీ ఉండటానికి కూడా బహుశా అదే కారణం. ఇనుప కంచెనో గేటునో పట్టుకుని నిలబడ్డ మనిషి కాళ్ల కింది నేల కూడా ఆ ఇనుముతో సమానంగా లేస్తే అతనికి దెబ్బ తగలదు, అందుకని కంచెకు మీటరు దూరంలో పట్టీని చుట్టూ తిప్పుతారు. లోపల పరిచే కంకర కూడా అందుకే. తడిసిన కంకర కూడా పాదాల కింద కొన్ని వేల ఓములు అడ్డం వేస్తుంది. ఆ ఏర్పాటంతా మట్టినీ, కంచెనూ, కంకరనూ లెక్కలోకి తీసుకుని చేసింది. మీ ఇనుప స్తంభం ఆ లెక్కలో లేదు.

స్తంభాల్ని ఆ పట్టీకే కట్టేస్తే ఏమవుతుంది, నేల లేస్తే స్తంభమూ లేస్తుంది కదా అని అడగొచ్చు. స్తంభం దగ్గర నిజంగానే తేడా తగ్గుతుంది. కానీ ఆ స్తంభానికి ఎర్త్ వైరు ఉంది, దాని రెండో కొస మీ ఇంటి డీబీలో ఉంది. ఆ క్షణంలో మీ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజరు, వంటింటి సింకు, బాత్రూమ్ కొళాయి అన్నీ 1000 వోల్టులకు లేస్తాయి. వాటిని పట్టుకున్నవాళ్లు నిలబడిన గచ్చు మాత్రం 100 దగ్గరే ఉంటుంది. గోడ దగ్గరి ప్రమాదాన్ని 45 మీటర్లు మోసుకొచ్చి వంటింట్లో దించినట్టే. పక్కింటితో మీకు ఒకే ఎర్త్ లైనో ఇనుప నీళ్ల పైపో ఉంటే వాళ్లింటికీ పోతుంది. దీన్నే ట్రాన్స్‌ఫర్డ్ పొటెన్షియల్ అంటారు. నేను ఎర్తింగ్ పనిలో ఉన్నన్నాళ్లూ అన్నిటికంటే ఎక్కువగా భయపడింది దీనికే. ఎక్కడో జరిగిన లోపం, ఎవరూ అనుమానించని ఇంకోచోట మనిషిని పట్టుకుంటుంది.

ఒకసారి కళ్లారా చూశాను. గ్రిడ్ రెసిస్టెన్స్ కొలవడానికి చాలా దూరాన చువ్వ పాతి, దాని నుంచి టెస్ట్ వైరు లాక్కుంటూ సబ్‌స్టేషన్ దాకా తెచ్చాం. తెల్లవారుజాము, గడ్డి మీద మంచు. మీటరుకు బిగించే ముందు మా కుర్రాడు వైరు కొసను చేతిలో పట్టుకోకుండా ఒక చెక్క మీద పెట్టాడు. అలా పెట్టమని అతనికి నేర్పింది మా పెద్దాయన. ఇంతలో ఎక్కడో లైన్లో ఫాల్ట్. టప్పుమని చప్పుడు, చెక్క మీది కొస నుంచి పక్కనున్న ఎర్త్ పట్టీకి నీలిరంగు మెరుపు. ఆ వైరుకు ఏ సప్లై లేదు. దాని కొసన ఉన్నది దూరపు మట్టి మాత్రమే. ఆ రోజు తర్వాత ‘ఎర్త్ వైరే కదా’ అనే మాట మా బృందంలో ఎవరి నోటా రాలేదు.

ఆర్‌సీసీబీ గురించి. తప్పకుండా పెట్టండి, 30 మిల్లీఆంపియర్లదే పెట్టండి. బయటి దీపాల్లో నీళ్లు దిగి ఫేజు లీకయితే కాపాడేది అదే. కానీ గోడ అవతలి నుంచి వచ్చే దెబ్బను అది ఆపలేదు. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే, ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని. ఇందాక చెప్పిన 350 మిల్లీఆంపియర్లు నేల నుంచి పాదాలకు, పాదాల నుంచి చేతికి, చేతి నుంచి స్తంభానికి, స్తంభం నుంచి ఎర్త్ వైరుకు పోయాయి. ఆ దారిలో ఆర్‌సీసీబీ లేనే లేదు. ఒకవేళ ఏదో కారణంతో అది పడిందే అనుకోండి, అది తెంచేది ఫేజును, న్యూట్రల్‌ను. ఎర్త్ వైరును ఏ ఆర్‌సీసీబీ తెంచదు. అందుకే ఆర్‌సీసీబీ ఆఫ్ చేసి ఉన్నా ఆ స్తంభం పట్టుకున్నవాడికి అదే దెబ్బ. గుండె తట్టుకునే కరెంటుకు పైన చెప్పిన సూత్రం ఇచ్చినవాడు ఛార్లెస్ డాల్జీల్ అనే అమెరికన్ ప్రొఫెసరు. 1961లో జీఎఫ్‌సీఐ పేరుతో అమెరికాలో ఇదే తరహా రక్షణ పరికరాన్ని రూపొందించిందీ ఆయనే. ఒకటి నేల లేచినప్పటి ప్రమాదానికి కొలత, రెండోది ఇంటి ఫేజు లీకయితే రక్షణ. ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు.

ఇక ఎలా వెయ్యాలో చూద్దాం. సబ్‌స్టేషన్ వాళ్లు వచ్చినప్పుడు మూడు విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోండి. లోపం వచ్చినప్పుడు గ్రిడ్ ఎన్ని వోల్టులకు లేస్తుంది, ఎంతసేపటికి బ్రేకర్ పడుతుంది, హాట్ జోన్ గీత మీ స్థలంలో ఎంతవరకు వస్తుంది. హాట్ జోన్ అంటే ఆ లేచే వోల్టేజీ ఒక హద్దు దాటే ప్రాంతం. టెలిఫోన్ లైన్ల విషయంలో ఈ హద్దును మామూలుగా 430 వోల్టులు, లోపాన్ని చాలా త్వరగా తొలగించే లైన్ల దగ్గర 650 వోల్టులు అని పెట్టుకుంటారు. వీటితో పాటు నేలలో పోయే హైటెన్షన్ కేబుళ్లు, ఎర్త్ పట్టీల డ్రాయింగు కూడా అడగండి. 50 కిలోవోల్టుల లోపు సబ్‌స్టేషన్లకు హైటెన్షన్ ఎర్త్‌కూ మామూలు ఎర్త్‌కూ కనీసం 20 మీటర్ల ఎడం అని ఒక లెక్క వాడుకలో ఉంది. ఆరంభానికి అది పనికొస్తుంది గానీ రాతినేలో ఇసుకనేలో అయితే గుడారం ఇంకా దూరం పరుచుకుంటుంది. బంకమట్టిలో రెసిస్టివిటీ (కరెంటుకు మట్టి వేసే అడ్డు) పదుల ఓమ్-మీటర్లలో ఉంటే, పొడి ఇసుకలోనూ రాతిలోనూ వందలు, వేలు దాటుతుంది. కాబట్టి వాళ్ల గీతే నమ్మండి.

గీత లోపలికి వచ్చే దీపాలకు నా మొదటి ఓటు సోలార్‌కే. దీపం, బ్యాటరీ, పలక అన్నీ ఒకే పెట్టెలో ఉన్నవి, ప్లాస్టిక్ స్తంభం మీద. తీగే లేనప్పుడు దూరపు ఎర్త్ రావడానికి దారి లేదు, కందకమూ తవ్వక్కర్లేదు. వెలుతురు కాస్త తక్కువే, మబ్బు రోజుల్లో ఇంకా తక్కువ. కానీ గోడ వారగా నడవడానికి దారి కనబడితే చాలు కదా. మీ ఎనిమిదింటిలో గోడకు దగ్గరున్న రెండు మూడింటికి ఇదే చెయ్యమంటాను.

తీగ వెయ్యక తప్పకపోతే తర్వాతి మేలైన దారి 12 లేదా 24 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి దగ్గరే ఉంచాలి, గీతకు ఇవతల. అది ప్రైమరీనీ (230 వోల్టులు వచ్చే చుట్ట) సెకండరీనీ (తక్కువ వోల్టులు ఇచ్చే చుట్ట) పూర్తిగా విడదీసే సేఫ్టీ ఐసోలేటింగ్ రకం కావాలి, ఐఈసీ 61558-2-6 అని దాని మీద రాసి ఉంటుంది. సెకండరీని ఎక్కడా ఎర్త్ చేయొద్దు. ఇక్కడ జనం తప్పటడుగు వేసేది వోల్టేజీ డ్రాప్ దగ్గర. ఎనిమిది దీపాలు ఒక్కోటి 5 వాట్లు, మొత్తం 40. 12 వోల్టుల మీద 3.3 ఆంపియర్లు. 40 మీటర్లు పోవడం, 40 రావడం, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. 12లో 2 అంటే చివరి దీపం మినుకుమంటుంది. 6 చదరపు మిల్లీమీటర్లకు పెంచితే 0.8 వోల్టు పోతుంది. లేదా అదే 2.5 తీగలో 24 వోల్టులు పంపితే పోయేది ఒక్క వోల్టే, అంటే 4 శాతం. నేనైతే 24 ఎంచుకుంటాను.

230 వోల్టులే కావాలనుకుంటే దీపం క్లాస్ 2 రకం ఉండాలి. ఒక చదరంలో ఇంకో చదరం ఉన్న గుర్తు దాని మీద చూడండి. రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి దానికి ఎర్త్ వైరు అక్కర్లేదు, అదే మనకు కావాల్సింది. స్తంభం ప్లాస్టిక్‌దో ఫైబర్‌దో. ‘పైన పెయింటు ఉంది కదా, ఇనుపదైనా ఏం’ అనొద్దు. పెయింటును ఇన్సులేషన్ కింద లెక్కెయ్యకూడదు. ‘ఇంటి ఎర్త్ వద్దంటే స్తంభం పక్కనే రాడ్ దించేద్దాం’ అనే ఆలోచన కూడా వస్తుంది. దించొద్దు. ఆ రాడ్ ఇంటి ఎర్త్‌తో కలిసి ఉంటే పైన చెప్పినట్టు ప్రమాదాన్ని ఇంట్లోకి మోసుకురావడం మళ్లీ మొదలవుతుంది. కలవకపోయినా, మనిషి ఎత్తుకు మించిన రాడ్‌ను సుత్తితో కొట్టి దించుతుంటే కింద హైటెన్షన్ కేబుల్ ఉందో లేదో ఎవరికి తెలుసు? సబ్‌స్టేషన్ చుట్టుపక్కల రాడ్ దించడమంత ప్రమాదకరమైన పని ఇంకోటి నాకు తోచదు.

కేబుల్ దగ్గర ఒక చిక్కు ఉంది, దాన్ని కాస్త విడమరిచి చెప్పాలి. నేలలో వేసే కేబుల్ అనగానే అందరూ ఆర్మర్డ్ అంటారు. మామూలు తోటలో అది సరైన మాటే. గునపం తగిలితే ముందు ఇనుప తీగల పొరకు తగులుతుంది, అది ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి ఫ్యూజు పోతుంది, మనిషి బతుకుతాడు. కానీ ఆ ఇనుప పొర కూడా మీ ఇంటి ఎర్త్‌కు కట్టిన తీగే. అది గీత దాటి లోపలికి పోతే, మీరు వద్దనుకున్న ఎర్త్ వైరు వేరే వేషంలో పోయినట్టే. దాన్నీ చుట్టుపక్కల నేలనూ విడదీసేది పైనున్న పీవీసీ తొడుగు ఒక్కటే. రాయి గీరుకుని ఆ తొడుగు చిరిగితే నేల వోల్టేజీ నేరుగా మీ డీబీకి వచ్చేస్తుంది. అందుకని గీత దాకా ఆర్మర్డ్ వేసి, ఆర్మర్‌ను ఇంటి వైపు మాత్రమే ఎర్త్ చేసి, గీతకు ఇవతలే ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో ముగించండి. అక్కడ గ్లాండ్ (కేబుల్‌ను బాక్సుకు బిగించే భాగం) లోహానిదైతే అది బాక్సు లోపలే మూసుకుపోవాలి, బయట చేతికి తగలకూడదు. ఆ బాక్సు నుంచి ముందుకు ఆర్మర్ లేని రెండు కోర్ల కేబుల్, మందపాటి ప్లాస్టిక్ పైపులో. 0.6/1 కిలోవోల్ట్ రకం తీసుకోండి. ఫ్యాక్టరీలో దాన్ని 3.5 కిలోవోల్టుల మీద పరీక్షించి పంపుతారు. ఇంటి నుంచి వచ్చే న్యూట్రల్ సున్నా దగ్గర ఉండి, చుట్టూ నేల ఒక్కసారిగా లేచినప్పుడు ఆ తేడాను భరించాల్సింది ఈ ఇన్సులేషనే. సన్నటి ఇంటి వైరు ఇందుకు పనికిరాదు.

గీత లోపల నేలలో జాయింటు వెయ్యొద్దు. దీపం నుంచి దీపానికి కేబుల్ తుంపకుండా తెచ్చి, కలపాల్సింది ప్రతి దీపం మొదట్లో నేలకు పైనున్న ప్లాస్టిక్ బాక్సులో కలపండి. లోతు 50-60 సెంటీమీటర్లు, కింద మెత్తటి జల్లెడ మట్టి, పైపుకు జానెడు పైన హెచ్చరిక టేపు. ఆ రాగి పట్టీని దాటి పోయే అవసరం లేకుండా దారి మార్చుకోవడమే మేలు. ఎంత ఎడం ఉంచాలో సబ్‌స్టేషన్ వాళ్లు చెబుతారు.

తవ్వడం గురించి చిన్న హెచ్చరిక. కేబుల్ జాడ పట్టే యంత్రం తెప్పించినా దాన్ని పూర్తిగా నమ్మొద్దు. అది పట్టేది ఎక్కువగా పారే కరెంటును. లోడు లేని కేబుల్, కరెంటు పారని ఎర్త్ పట్టీ దానికి కనబడకపోవచ్చు. మీ పట్టీ విషయంలోనూ అలాగే అయ్యుండేదేమో. ముందు డ్రాయింగు, తర్వాత యంత్రం, ఆపైన చేత్తో చిన్న పరీక్ష గుంతలు. పొక్లెయిన్ ఆ చాయలకు రానివ్వొద్దు. మొన కూసుగా ఉన్న గునపం కంటే పార మేలు. ఇటుకల వరుసో, సిమెంటు పలకలో, రంగు టేపో కనబడితే అక్కడితో ఆగాలి, వాటి కింద ఉన్నది హైటెన్షన్ కేబులే కావచ్చు. ఉరుము వినబడితే అందరూ పని ఆపి కందకంలోంచి వచ్చెయ్యాలి.

దీపాల పక్కన ఇంకేం పెట్టబోతున్నారో కూడా చూసుకోండి. ఇంటి దగ్గర మొదలై గోడ దాకా పోయే ఇనుప కంచె, ఇనుప నీళ్ల పైపు, ఇనుప పందిరి, ఇవన్నీ దీపస్తంభం చేసే పనే చేస్తాయి. పైపు ప్లాస్టిక్‌ది వెయ్యండి, కంచె మధ్యలో చెక్క ముక్కో ప్లాస్టిక్ ముక్కో వేసి తెంపండి. ఆ తెంపిన చోట రెండు వైపులనూ ఒకే మనిషి ఒకేసారి అందుకోలేనంత ఖాళీ ఉండాలి. చెయ్యి చాపితే అందే దూరాన్ని వైరింగ్ నిబంధనలు 2.5 మీటర్లుగా తీసుకుంటాయి. గోడ మీద కెమెరా పెట్టాలనుకుంటే దానికి రాగి తీగల నెట్‌వర్క్ కేబుల్ వద్దు, లోహం లేని ఆప్టికల్ ఫైబర్ వాడండి. కెమెరాకు కరెంటు సోలార్ నుంచి ఇవ్వండి. పైన హైటెన్షన్ లైన్లు పోతుంటే ఎత్తు స్తంభాలు మానేసి మోకాలెత్తు దీపాలతో సరిపెట్టుకోండి.

పని అయ్యాక ఇన్సులేషన్ పరీక్ష ఇంటి వైపు నుంచి చెయ్యాలి, 230 వోల్టుల కేబుల్‌కు 500 వోల్టుల డీసీతో. కనీసం 1 మెగాఓమ్ రావాలి, కొత్త కేబుల్‌కు అంతకంటే చాలా ఎక్కువే వస్తుంది. ఎర్త్ రెసిస్టెన్స్ కొలవడానికి మాత్రం గీత లోపలికి టెస్ట్ వైర్లు లాగనివ్వొద్దు. ఎందుకో పైన చెక్క మీద మెరిసిన కొస కథలో చెప్పాను.

ఈ జవాబును మీ ఎలక్ట్రీషియన్‌తో కలిసి చదవండి. 10 మీటర్ల దగ్గరి స్తంభం లెక్క అతని చేతే కాగితం మీద వేయించండి. 400 వోల్టులు తన చేత్తో రాసిన మనిషికి ఇంకెవరూ నచ్చజెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఇంకో కాగితం. మూడేళ్లకో ఐదేళ్లకో ఒక దీపం పాడవుతుంది. అప్పుడు వచ్చేది ఇతను కాకపోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు ఎర్త్ లేని దీపం చూసి ‘ఇదేంటి, పాతవాడు ఎర్త్ మర్చిపోయాడు’ అనుకుని, మంచి ఉద్దేశంతోనే ఇనుప దీపం బిగించి ఎర్త్ లాగేస్తారు. అందుకని డీబీ తలుపు లోపలి వైపు, తడవకుండా ప్లాస్టిక్ తొడుగులో, కేబుల్ దారి, గీత ఎక్కడుందో చూపే బొమ్మ పెట్టి, దాని కింద పెద్ద అక్షరాలతో ఇలా రాయండి: ‘తోట చివరి దీపాలకు ఎర్త్ కావాలనే ఇవ్వలేదు. వెనక సబ్‌స్టేషన్ ఎర్త్ ఉంది. ఇనుప స్తంభం, ఎర్త్ రాడ్, ఎర్త్ వైరు పెట్టొద్దు. గోడ దగ్గర తవ్వే ముందు సబ్‌స్టేషన్ వాళ్లను అడగాలి.’